ఫస్టియర్‌లోనే పెట్టాలి మేడమ్

మా పెద్దమ్మాయి బీటెక్‌లో చేరిన 2022లో నేను వెతికింది స్కాలర్‌షిప్ కాదు. మా ఇంటి ఆదాయం రెండున్నర లక్షల లోపే అని తహసీల్దారు సంతకంతో ఉండే ఒక కాగితం కోసం తిరిగాను. అది దొరికితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, దొరక్కపోతే రాదు, అంతకు మించి మనలాంటి వాళ్ల పిల్లల చదువుకి డబ్బిచ్చే దారి ఇంకేదీ లేదు. అప్పట్లో నాకు తెలిసింది అంతే.

ఆయన బట్టల షాపులో అకౌంట్స్ చూస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. ఇద్దరి జీతాలూ కలిపితే ఏడాదికి ఆరు లక్షలు కాస్త దాటుతుంది. ఇంటి లోను కోసం ఆయన ఏటా ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేస్తారు. పన్ను కట్టాల్సింది ఏమీ ఉండదు గానీ రిటర్న్ మాత్రం ఉంటుంది. అమ్మాయికి కన్వీనర్ కోటాలోనే సీటొచ్చింది. ఫీజు ఏడాదికి డెబ్బై వేలు, హాస్టల్ వేరే. సీటు అలాట్‌మెంట్ కాగితం చేతికొచ్చిన రోజు స్వీట్లు పంచాం, మర్నాటి నుంచి కూడికలు మొదలుపెట్టాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద అప్పుడు నడుస్తున్నది జగనన్న విద్యా దీవెన. కుటుంబ ఆదాయం 2,50,000 దాటకూడదు. మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. కారు ఉండకూడదు, ఇంట్లో ఎవరూ ఇన్‌కంటాక్స్ కట్టేవాళ్లు కాకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే, మా మావయ్య వరసాయన ఒకర్ని పట్టుకున్నాను. ఆయనకి మండలాఫీసులో పలుకుబడి ఉందని పేరు. "రాయిద్దాంలే అమ్మాయ్, అందరూ రాయించుకుంటున్నదేగా" అన్నారు. ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో! అమ్మాయిని మా కార్డులోంచి తీసేసి మా అత్తగారి బియ్యం కార్డులో చేరిస్తే పనైపోతుందని ఇంకెవరో సలహా ఇచ్చారు. దానికీ తిరిగాను. స్కూలు వదిలాక సాయంత్రాలు, రెండో శనివారాలు అన్నీ ఆ పనికే పోయాయి.

చివరికి వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ కుర్రాడు కంప్యూటర్‌లో ఆధార్ నంబరు కొట్టి చూసి చెప్పాడు. "సిక్స్ స్టెప్‌లో పోతోందమ్మా. భూమి ఓకే, కరెంటు ఓకే, కారు లేదు, సర్కారు ఉద్యోగం లేదు, ఇల్లు ఓకే. సార్ ఐటీ రిటర్న్ వస్తోంది." నేను ఇంకేదో చెప్పబోతే ఆ కుర్రాడు మర్యాదగానే అన్నాడు, "ఎవరితో చెప్పించినా ఇది మారదమ్మా, సిస్టమే తీసుకోదు." నా స్టూడెంట్ల వయసు వాడు. పిల్లలు పరీక్షలో స్లిప్పు పెట్టుకుంటే నేను వాళ్లవైపు చూసే చూపు ఎలాంటిదో నాకు తెలుసు. ఆ కుర్రాడు నన్ను అలా చూడలేదు, అది వాడి మంచితనం.

ఆ తర్వాత ఏడాది పొడుగునా నేను చేసింది ఫిర్యాదు. పెళ్లిళ్లలో, వ్రతాల్లో, స్టాఫ్ రూములో ఒకటే పాట. "అన్నీ వాళ్లకే. ఓసీల్లో పుట్టడమే తప్పు. అటు బాగా ఉన్నవాళ్లమూ కాదు, ఇటు లేనివాళ్లమూ కాదు. మధ్యలో వాళ్లని ఎవడు చూస్తాడు?" స్టాఫ్ రూములో తలలూపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ మాటలు రాయడానికి ఇప్పుడు ఇబ్బందిగానే ఉంది. కానీ నా నష్టానికి అసలు కారణం అక్కడే ఉంది కాబట్టి వదిలెయ్యలేను. నాకేదీ రాదని అంత గట్టిగా నమ్మినదాన్ని, ఏముందో చూడటం ఎందుకనుకున్నాను.

అమ్మాయి సెకండియర్‌లో ఉండగా ఒకరోజు ఫోన్ చేసింది. "అమ్మా, మా రూమ్మేట్‌కి యాభై వేలు పడ్డాయే. ప్రగతి అంట. ఫస్టియర్‌లో కూడా పడ్డాయంట." రూమ్మేట్ వాళ్ల నాన్న ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ సంపాదనలో పెద్ద తేడా లేదు. వాళ్లూ ఓసీలే. ఇంటర్‌లో ఆ పిల్లకి మా అమ్మాయి కన్నా తక్కువ మార్కులు.

మర్నాడు సెలవు పెట్టి కాలేజీకి వెళ్లాను. స్కాలర్‌షిప్ సెక్షన్ అంటే ఆఫీసు చివర్లో ఒక కిటికీ, లోపల ఒక కంప్యూటరు, చుట్టూ పిల్లల ఫైళ్ల కట్టలు. అక్కడి క్లర్కు నేను చెప్పిందంతా ఓపిగ్గా విని అడిగాడు.

"పాప ఏ ఇయర్ మేడమ్?"

"సెకండియర్."

"ఫస్టియర్‌లోనే పెట్టాలి మేడమ్. లేదంటే డిప్లొమా చేసి లేటరల్ ఎంట్రీలో సెకండియర్‌కి వచ్చినవాళ్లు పెట్టుకోవచ్చు. మీ పాప ఇంటర్ నుంచి వచ్చింది కదా, ఇక కుదరదు."

వచ్చే ఏడాది పెట్టొచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. థర్డియర్‌లో? అప్పుడూ కుదరదు. సర్క్యులర్ పెట్టలేదేమని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడకుండా వెనక్కి తిరిగి నోటీసు బోర్డు చూపించాడు. కిందటేడాది సర్క్యులర్ పిన్నుతో సహా ఇంకా అక్కడే ఉంది. "క్లాసు గ్రూపులో కూడా వేశాం మేడమ్" అన్నాడు. బస్సులో కూర్చుని ఫోన్ తీసి పేరెంట్స్ గ్రూపులో వెనక్కి వెనక్కి వెళ్లాను. గులాబీ పువ్వుల శుభోదయాల మధ్యన ఒక పీడీఎఫ్ ఉంది. నా ఫోన్‌లో అది డౌన్‌లోడ్ కూడా కాలేదు, బాణం గుర్తు అలాగే ఉంది. తేదీ చూస్తే, నేను మావయ్య వరసాయన చుట్టూ తిరుగుతున్న రోజులు అవి.

ప్రగతి అంటే ఏమిటో తెలియని తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. ఏఐసీటీఈ వారు ఇంజినీరింగ్ లాంటి టెక్నికల్ డిగ్రీ, డిప్లొమా కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఇది. ఏడాదికి 50,000. కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. కింది చదువులో వచ్చిన మార్కుల మీద ఎంపిక చేస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాటాలు పోగా మిగిలినవి అందరికీ. మరో సర్కారు స్కాలర్‌షిప్ తీసుకుంటున్న పిల్లకి ఇది రాదు. బీటెక్ నాలుగేళ్లూ వస్తే 2,00,000. మా పెద్దమ్మాయి కోసం బ్యాంకులో మేం తీసుకున్న చదువు లోను రెండున్నర లక్షలు. నాలుగు లక్షల వరకు తాకట్టు అడగరని సంబరపడి తీసుకున్నాం. ఆ సంతకాలు పెట్టేటప్పుడు ఇందులో చాలా భాగం అక్కర్లేకుండా పోయేదని మాకు తెలియదు.

అక్రమంగా తెచ్చుకునేదాని కోసం తిరుగుతూ న్యాయంగా వచ్చేదాన్ని పోగొట్టుకున్నానని ఆయనతో అంటే, "రెండున్నర దగ్గరే ఆగిపోయావు" అన్నారు. నిజమే. రెండున్నర లక్షలంటే మొత్తం స్కాలర్‌షిప్పులన్నిటికీ ఒకటే గీత అనుకున్నాను. ఆ తర్వాత కూర్చుని ఒక్కొక్కటే చదివితే ఎన్ని గీతలున్నాయో అర్థమైంది.

సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. ఇంటర్ బోర్డులో 80వ పర్సంటైల్ పైన నిలిచినవాళ్లకి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, డిగ్రీ మూడేళ్లు ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇస్తారు. బీటెక్ వాళ్లకి నాలుగో ఏడాది 20,000. దేశం మొత్తమ్మీద ఏటా కొత్తగా 82,000 మందికి ఇది ఇస్తారు, అందులో సగం ఆడపిల్లలకే. ఇక్కడ పర్సంటైల్ అంటే ఎనభై శాతం మార్కులని చాలామంది పొరబడతారు. బోర్డు పరీక్ష రాసినవాళ్లలో పైనున్న ఐదో వంతు అని అర్థం. ఆ ఏడాది కటాఫ్ ఎంతో బోర్డే చెబుతుంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్న పిల్లలకి ఏఐసీటీఈ వారిదే సక్షమ్ ఉంది, ప్రగతి లాగే ఏడాదికి 50,000. తల్లీ తండ్రీ లేని పిల్లలకీ, కోవిడ్‌లో కన్నవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకీ, అమరులైన సైనికుల పిల్లలకీ స్వనాథ్ ఉంది. ఇవి రెండూ మా ఇంటికి సంబంధించినవి కావు. కానీ నా క్లాసుల్లో కూర్చుని వెళ్లిన పిల్లల్లో వీటికి సరిపోయేవాళ్లు ఎందరున్నారో తల్చుకుంటే గుండె జారుతుంది.

ఆదాయంతో సంబంధమే లేనిదీ ఉంది. బోర్డులో మొదటి ఒక్క శాతంలో నిలిచి, ఇంజినీరింగ్ వైపు పోకుండా బీఎస్సీనో, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీనో మౌలిక శాస్త్రాల్లో చదివే పిల్లలకి కేంద్ర సైన్స్ శాఖ ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80,000 ఇస్తుంది. మనవైపు అంత మార్కులొచ్చిన పిల్లని బీఎస్సీకి పంపే తల్లిదండ్రులు ఎక్కడున్నారు? నేనైతే పంపను. ప్రైవేటువీ ఉన్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ ఏటా 5,000 మంది డిగ్రీ ఫస్టియర్ పిల్లలకి చదువు పూర్తయ్యేలోగా 2 లక్షల దాకా ఇస్తుంది. 15 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ టెస్టు రాయాలి. పదిహేను లక్షలు! నేను రెండున్నర దగ్గర తల బాదుకుంటున్నప్పుడు గీత అక్కడిదాకా ఉంది.

గీత ఊరిని బట్టీ మారుతుంది. మా చెల్లెలు ఖమ్మంలో ఉంటుంది. తెలంగాణ ఈపాస్‌లో బీసీ, ఈబీసీ పిల్లలకి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. పైగా ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకొస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 దాకానే. ఇక్కడ మేం చదివిన రూలు అక్కడ దానికి చెబితే నష్టం. దాని రూలు మాకు చెప్పినా నష్టమే. చుట్టాల మాట విని ఆగిపోకూడదని అప్పుడు తెలిసింది.

మా ఇంటి నష్టం డబ్బుతో పోయింది. ఇంకొకటి చేశాను, అది ఎవరికీ చెప్పలేదు.

ప్రైవేటు స్కూలు టీచర్లకి వేసవి సెలవులంటే అడ్మిషన్ల కాన్వాసింగ్. ఎండలో ఇల్లిల్లూ తిరగాలి, తలా ఇన్ని అడ్మిషన్లు తేవాలి. జీతం పెరగడం దాని మీదే ఉంటుంది. ఒక వేసవిలో మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ కొడుకుని మున్సిపల్ స్కూలు నుంచి మా స్కూలుకి మార్పించాను. వాడు అప్పుడే ఏడో తరగతి పాసయ్యాడు, లెక్కల్లో చురుకైనవాడు. "నా క్లాసులో ఉంటాడు, నేను చూసుకుంటానక్కా, ఫీజులో కన్సెషన్ ఇప్పిస్తా" అన్నాను. ఇప్పించాను కూడా. పిల్లాడు బాగానే చదివాడు.

ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే పరీక్ష ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నెలకి వెయ్యి రూపాయలు, ఏడాదికి 12,000 వస్తుంది. తల్లిదండ్రుల ఆదాయం 3.5 లక్షల లోపు ఉండాలి. అది సర్కారు, మున్సిపల్, జిల్లా పరిషత్, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకే. ప్రైవేటు స్కూలు పిల్లలు పరీక్ష రాయడానికి లేదు. వాడితో పాటు మున్సిపల్ స్కూల్లో కూర్చున్న పిల్లాడికి వచ్చింది. మావాడికి ఆ పరీక్ష పుస్తకాల్లోని లెక్కలు మంచినీళ్ల ప్రాయం. నాలుగేళ్లకి 48,000 అంటే ఇడ్లీ బండి మీద ఎన్ని తెల్లవారుజాములో ఆవిడకే తెలియాలి. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఆ పరీక్ష ఒకటుందనే ఆవిడకి తెలియదు. చెప్పాల్సింది నేను. ఇంతవరకు చెప్పలేదు. కాన్వాసింగ్‌కి మాత్రం ఏడో తరగతి పాసైన పిల్లల ఇళ్లకి వెళ్లడం మానేశాను, అది మా మేనేజ్‌మెంటుకి తెలియదు.

చిన్నమ్మాయి 2024లో ఇంజినీరింగ్‌లో చేరింది. ఈసారి పని ఇంటర్ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టాం. మొదట అడ్డం పడింది పేరు. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందొస్తుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క ఇంగ్లీషు అక్షరం, చుక్క. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వెనక్కి పోయింది. ముగ్గురూ ఒకే పిల్ల అని మనకి తెలుసు, కంప్యూటరుకి తెలియదు. టెన్త్ మెమో చూపించి ఆధార్ సెంటర్లో పేరు మార్పించాం. ఆ తర్వాత బ్యాంకులో కూడా. పరీక్షల ఒత్తిడి లేని దసరా సెలవుల్లో చేశాం కాబట్టి సరిపోయింది. అదే కౌన్సెలింగ్ రోజుల్లో అయితే ఆధార్ అప్‌డేట్ కోసం కూర్చోవడమే పని.

ఆదాయం సర్టిఫికెట్ కోసం మళ్లీ అదే సచివాలయానికి వెళ్లాను. అదే కుర్రాడు. నన్ను గుర్తుపట్టాడు.

"ఎంత రాయమంటారమ్మా?"

"ఉన్నదే రాయండి. ఆరు లక్షల ఇరవై వేలు."

తలెత్తి చూశాడు. జీతం సర్టిఫికెట్లు, ఆయన ఐటీ రిటర్న్ జతచేసి ఇచ్చాను. వీఆర్వో వచ్చి ఒక్క ప్రశ్న వేసి వెళ్లాడు. ఏ పలుకుబడీ లేకుండా కాగితం చేతికొచ్చింది.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఆ ఏడాది నుంచి ముందుగా ఓటీఆర్ తీసుకోవాలన్నారు. అంటే ఒక్కసారి నమోదు చేసుకుంటే పద్నాలుగు అంకెల నంబరొకటి వస్తుంది, చదువు అయ్యేదాకా అదే. దానికి ఫోన్‌లో ముఖం చూపించాలి. ఎన్ఎస్‌పీ ఓటీఆర్ యాప్ ఒకటి, ఆధార్ వాళ్ల ఫేస్ ఆర్డీ యాప్ ఇంకొకటి, రెండూ వేసుకోవాలి. రాత్రి ట్యూబ్‌లైటు కింద ఎంత ప్రయత్నించినా తీసుకోలేదు. తెల్లారి వరండాలో తూర్పు వైపు తిరిగి నిలబడి కళ్లు ఆర్పితే తీసుకుంది. చిన్నమ్మాయి, "ఎంసెట్ కన్నా ఇదే కష్టం" అంది.

ఫారం సబ్మిట్ కొట్టి ప్రింటు తీసుకోగానే పనైపోయిందనుకుంటాం. నేనూ అనుకున్నాను. అక్కడితో సగమే అయినట్టు. దరఖాస్తు మన దగ్గర్నుంచి కాలేజీ నోడల్ ఆఫీసరుకి వెళ్తుంది. ఆయన చూసి సరే అంటేనే పైకి కదులుతుంది. మన గడువు వేరు, కాలేజీ గడువు వేరు. కాలేజీ చూడకుండా వదిలేస్తే మన తప్పేమీ లేకుండానే అక్కడితో ఆగిపోతుంది. ఏదైనా లోపముంటే డిఫెక్ట్ అని వెనక్కి పంపుతారు, కొద్ది రోజుల్లో సరిచేసి మళ్లీ పంపాలి. మాకు అలాగే వచ్చింది. ఫీజు రసీదు అప్‌లోడ్ చేసిన కాపీలో అంకెలు మసగ్గా ఉన్నాయట. మెసేజ్ వెళ్లింది అమ్మాయి నంబరుకి. అది మిడ్ పరీక్షల హడావుడిలో చూడలేదు. నేను వారానికోసారి పోర్టల్లో స్టేటస్ చూడటం అలవాటు చేసుకున్నాను కాబట్టి దొరికింది. ఈ చాదస్తాన్ని చూసి ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఎంపికైందని తెలిసింది. డబ్బు పడలేదు. బ్యాంకు పుస్తకం ప్రింటు వేయించడం, మళ్లీ వేయించడం. సర్కారు చెల్లింపులు కనిపించే పీఎఫ్ఎంఎస్ సైట్‌లో చూస్తే చెల్లింపు అయిపోయిందని ఉంది! ఏ ఖాతాకి? మేమిచ్చిన బ్యాంకు కాదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇలాంటి డబ్బు మనం ఫారంలో రాసిన ఖాతాకి కాకుండా, ఎన్‌పీసీఐ దగ్గర మన ఆధార్ ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో ఆ ఖాతాకి పోతుంది. చివరగా ఎక్కడ లింక్ చేస్తే అదే లెక్క. హాస్టల్లో చేరాక అమ్మాయి కొత్త సిమ్ తీసుకుంది. షాపువాడు వేలిముద్ర వేయించుకుంటూ "ఇదీ ఓపెన్ చేస్తున్నా చెల్లీ, ఫ్రీయే" అని ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరిచాడు. అది తలూపింది. యాభై వేలు అక్కడ కూర్చున్నాయి. పోలేదు, దొరికాయి. కానీ దొరికేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత అసలు బ్యాంకుకి వెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం రాసిచ్చి మార్పించాం. ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో ఆధార్ వాళ్ల సైట్‌లోనే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు.

ఖర్చంటే గుర్తొచ్చింది. ఎంపికైన వారంలోనే మా ఫోన్‌కి ఒక మెసేజ్: మీ స్కాలర్‌షిప్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, కింద లింకు. పోర్టల్ దరఖాస్తుకి గానీ మంజూరుకి గానీ రూపాయి తీసుకోదు. అడిగినవాడు దొంగ. దీని మీద ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

నేను ఏళ్ల తరబడి "అన్నీ వాళ్లకే" అన్న ఆ వాళ్ల సంగతి కూడా రాయాలి. మా పక్కింటి అమ్మాయి ఎస్సీ. రీయింబర్స్‌మెంట్ మీదే చదివింది. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఒరిజినల్స్ కావాలి. సర్కారు నుంచి ఫీజు బకాయి రాలేదు కాబట్టి కట్టి తీసుకెళ్లమంది కాలేజీ. వాళ్ల నాన్న మేస్త్రీ. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. బకాయిల బాధ రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, ప్రభుత్వాలు మారినా ఉంది. మంజూరైన కాగితం చేతిలో ఉండి కూడా అప్పు చేయాల్సి వచ్చిన ఆ మనిషి గోడ అవతలే ఉంటే, నేను ఇవతల కూర్చుని వాళ్లకేం, అన్నీ ఫ్రీ అనేదాన్ని. ఆ పిల్లే మా చిన్నదాని ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చుంది. బోనఫైడ్ ఏ నమూనాలో తేవాలో, ఫైలు సైజు ఎలా తగ్గించాలో దానికి కొట్టిన పిండి. "పిన్నీ, స్కాన్ చేసేటప్పుడు అంచులు కట్ కానీకండి" అని మూడుసార్లు చెప్పింది. నాకు తెలియని విద్య అది, దానికి నాలుగేళ్ల అనుభవం.

చిన్నమ్మాయికి ఏటా రెన్యువల్ పెట్టాలి. పాసై పై ఏడాదికి వెళ్లినట్టు కాలేజీ ఇచ్చే కాగితం కావాలి. ఇది మర్చిపోయి రెండో ఏడాది డబ్బు పోగొట్టుకున్న పిల్లల్ని ఆ కిటికీ దగ్గరే చూశాను. మొదటిసారి అంత కష్టపడినవాళ్లు రెండోసారి దానంతటదే వస్తుందనుకుంటారు.

మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఈ ఆదివారం టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేర్లు, పుట్టిన తేదీలు అక్షరం అక్షరం సరిచూడండి. ఎనిమిదో తరగతి పిల్లాడు సర్కారు బడిలో ఉంటే, నాలాంటి టీచరెవరైనా వచ్చి స్కూలు మార్చమంటే, ముందు ఎన్ఎంఎంఎస్ సంగతేమిటని అడగండి. ఈ ఏడాదే కాలేజీలో చేరి ఉంటే స్కాలర్‌షిప్ సెక్షన్‌కి వెళ్లి నోడల్ ఆఫీసరు ఎవరో, ఏవేవి పెట్టుకోవచ్చో కనుక్కోండి. మీ ఆదాయం ఎంతో నిజం చెప్పి అడగండి. చాలా స్కాలర్‌షిప్పులకి ఫస్టియర్ దాటితే కొత్త దరఖాస్తు తీసుకోరు.